నాలుగు గంటల ఇడ్లీ పరీక్ష: నా అనుభవం

నేను వాంతి చేసుకోక ఇవాళ్టికి 19 రోజులు. ఇందులో గొప్పేముంది అనుకునేవాళ్ళు అదృష్టవంతులు. పోయిన ఏడాది దీపావళి నుంచి నాకు వారానికి నాలుగైదు వాంతులు మామూలైపోయాయి.

మాది నెల్లూరు. పెళ్ళయ్యాక చెన్నై వచ్చి 24 ఏళ్ళు, పెరంబూరులో ఉంటాం. షుగర్ వచ్చి 15 ఏళ్ళు. ఇన్సులిన్ మొదలై ఆరేళ్ళు. మొదట్లో రెండు ముద్దలు తినగానే కడుపు నిండిపోయేది. తర్వాత పళ్ళు తోముకుంటుంటే డోకు. ఆ తర్వాత అసలు విడ్డూరం మొదలైంది. మధ్యాహ్నం ఒంటిగంటకు తిన్న బీరకాయ కూర రాత్రి పదకొండింటికి ముక్కలు ముక్కలుగానే బయటికొచ్చేది.

మా వీధి డాక్టరు గ్యాస్ అన్నాడు, క్యాప్సూల్ రాశాడు. ఇంకో పెద్దాయన "పిల్లలు దూరం వెళ్ళారు కదా, మనసులో పెట్టుకున్నట్టున్నారు" అన్నాడు. ఆ మాట అనేముందు నా పొట్ట మీద ఒక్కసారి చెయ్యి వేసి చూసిన పాపాన పోలేదు. ఆడవాళ్ళ వాంతికి రెండే కారణాలు వీళ్ళకి: చిన్న వయసైతే కడుపు, పెద్ద వయసైతే మనసు.

ఒక్క పని చేయండి. డాక్టరు దగ్గరికి వెళ్ళి "వాంతులవుతున్నాయి" అనకండి. "ఫలానా టైముకి తిన్నది ఇన్ని గంటల తర్వాత అరక్కుండా వచ్చింది" అనండి. నేను ఒక పాత డైరీలో పది రోజులు రాసుకెళ్ళాను. మూడో డాక్టరు తెలుగాయన, ఆ రెండు పేజీలు చదివి వెంటనే ఎండోస్కోపీకి పంపాడు. అది సులువుగానే అయిపోయింది. ఎక్కడా అడ్డం లేదు. కానీ రాత్రి ఏడింటికి తిన్న చారన్నం పొద్దున తొమ్మిదింటికి కూడా కడుపులోనే ఉంది. "గ్యాస్ట్రోపరేసిస్‌లా ఉందమ్మా, కడుపు ఖాళీ అవడం నెమ్మదించింది. ఎంత నెమ్మదో కొలవాలి" అని స్కాన్ రాశాడు.

ఇక ఆ స్కాన్ సంగతి.

దానికి మందు కలిపిన ఇడ్లీ పెడతారు. టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం అతి కొద్దిగా అందులో ఉంటుంది. తిన్న వెంటనే ఒకసారి, తర్వాత గంటకు, రెండు గంటలకు, నాలుగు గంటలకు కెమెరా ముందు నిలబెట్టి, కడుపులో ఇంకా ఎంత మిగిలిందో చూస్తారు. పరగడుపున రావాలి, కడుపును కదిలించే మందులు మూడు రోజుల ముందే ఆపాలి అన్నారు. ఆపాను. నేను రోజూ వేసుకునే ఆ గ్యాస్ క్యాప్సూల్లోనే డోంపెరిడోన్ అని అలాంటి మందు ఉందని అప్పుడే తెలిసింది. పేరు చివర డి అని ఉంటే చూసుకోండి. అది ఆపిన మూడు రోజులూ నాకు నరకమే. నాలుగో రోజు ఆ నరకంతోనే ఆస్పత్రికి వెళ్ళాను, 6,500 రూపాయలు కట్టి.

గదిలో ఒక కుర్రాడు. పేపర్ ప్లేటులో రెండు ఇడ్లీలు పెట్టి, పది నిమిషాల్లో తినేయాలన్నాడు. చట్నీ లేదు, కారప్పొడి లేదు. ఒకటిన్నర ఇడ్లీ అయ్యేసరికి నోట్లో నీళ్ళు ఊరడం మొదలైంది. "బాబూ, వచ్చేట్టుంది" అన్నాను. వాడు ఫోన్లోంచి తల ఎత్తకుండా "కంట్రోల్ పణ్ణుంగమ్మా" అన్నాడు. కంట్రోల్ చేసుకోగలిగితే నేను అక్కడికెందుకు వెళ్తాను?

వచ్చేసింది. చీర మీద, బెంచీ మీద, నేల మీద.

అప్పుడు లేచాడు. "యారుం కిట్ట వరాదీంగ!" అని ఒక్క అరుపు. ఎవరూ దగ్గరికి రావద్దట. తలుపు తెరిచే ఉంది. వరండాలో కూర్చున్నవాళ్ళంతా తొంగిచూశారు. ఒకావిడ పిల్లవాణ్ణి చెయ్యి పట్టి వెనక్కి లాక్కుంది. ఇద్దరు గ్లౌజులేసుకుని వచ్చి నేలంతా కాగితాలు పరిచి, చుట్టూ టేపు వేశారు. నేను టేపుకి ఇవతల మూతి తుడుచుకోవడానికి గుడ్డ కూడా లేక నిలబడ్డాను. ఇంకొకడు చేతిలో ఒక పెట్టె తెచ్చి నా ఒంటి మీద నుంచి కిందికి జరిపాడు. పైట దగ్గరికి రాగానే అది టిక్ టిక్ టిక్ అని ఒకటే మోత. మా నాయనమ్మ మైలబట్టను కర్రతో ఎత్తి దూరంగా పడేయడం చిన్నప్పుడు చూశాను. నా వెంకటగిరి చీరను అచ్చం అలాగే ఎత్తి సంచిలో వేసి, మూతి కట్టి, మీద తేదీ రాశారు. లంగా దగ్గర టిక్ అనలేదు, ఆ పరువొక్కటే మిగిలింది.

వెనక తాళ్ళు కట్టే నీలం గౌను ఇచ్చారు. మా ఆయన రోడ్డు దాటి పసుప్పూల నైటీ ఒకటి కొనుక్కొచ్చాడు. దాంతోనే కౌంటరు దగ్గర నిలబడి డబ్బులడిగాను. మందు కలిపేశాం కాబట్టి తిరిగి ఇవ్వరట, పరీక్ష మళ్ళీ చేయించుకోవాలంటే మళ్ళీ కట్టాలట. నాకొచ్చిన అరవంలోనూ రాని అరవంలోనూ పోట్లాడాను. ఆటోలో మాత్రం ఏడ్చాను.

చీర మూడు రోజుల తర్వాత ఇచ్చారు. ఆ మందు శక్తి ప్రతి ఆరు గంటలకూ సగమైపోతుందట, మూడు రోజులకు లెక్కకు రానంత తగ్గిపోతుందట. ఈ మాట మా తెలుగు డాక్టరు చెబితే తెలిసింది. ఆ కుర్రాడు అరిచే బదులు ఇదొక్క ముక్క చెప్పి ఉంటే వరండాలో అందరూ నన్ను బాంబును చూసినట్టు చూసేవాళ్ళు కాదు. వాంతుల రోగికి చేసే పరీక్షలో రోగి వాంతి చేసుకోవచ్చని వాళ్ళకెందుకు తోచలేదో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

రెండోసారి వేరే చోట చేయించాను. అక్కడి నర్సు ముందే వాంతులెలా ఉన్నాయో అడిగి, డాక్టరుతో మాట్లాడి, నాలుక మీద కరిగే ఒండాన్‌సెట్రాన్ ఇచ్చింది. అది వికారాన్ని ఆపుతుంది, కానీ కడుపు వేగాన్ని పెద్దగా మార్చదు కాబట్టి పరీక్ష చెడిపోదట. షుగర్ కూడా చూసింది, 275 దాటితే ఆ రోజు చేయరట. ఒడిలో ప్లాస్టిక్ గుడ్డ పరిచి, పక్కన బేసిన్ పెట్టి "మెల్లగా తినండక్కా" అంది. తిన్నాను. నాలుగు గంటలకు 10 శాతానికి మించి మిగలకూడదు. నాకు 38 మిగిలింది. జబ్బుందని తేలినందుకు సంతోషించిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఏళ్ళ తరబడి షుగర్ వల్ల కడుపును ఆడించే వేగస్ నరం దెబ్బతిందని డాక్టరు చెప్పాడు. ముందు ఈసీజీ తీసి, అది బాగుందని చూశాకే డోంపెరిడోన్ మూడు పూటలా తిండికి అరగంట ముందు రాశాడు. అది గుండె లయను తప్పించే ప్రమాదం ఉంది, కొన్ని యాంటీబయాటిక్స్‌తో కలిస్తే ఇంకా ఎక్కువ. అందుకే జలుబుకి వెళ్ళినా ఈ మాత్ర సంగతి చెప్పమన్నాడు. ఒండాన్‌సెట్రాన్ మరీ వికారంగా ఉన్న రోజు మాత్రమే. అది వికారం ఆపుతుంది కానీ కడుపును ఖాళీ చేయదు, పైగా మలబద్ధకం. వీధి క్లినిక్కులో ఒకసారి వాంతులకని మెటోక్లోప్రమైడ్ ఇంజక్షన్ చేస్తే ఆ రాత్రంతా కూర్చోలేక, పడుకోలేక హాల్లో తిరిగాను. అది ఆ మందు పనేనట. ఎక్కువ కాలం వాడితే మొహం కండరాలు వాటంతటవే కదిలే జబ్బు రావచ్చు, ఒక్కోసారి అది పోదు కూడా. అమెరికాలో 2009 నుంచి దాని మీద గట్టి హెచ్చరిక ఉంది, 12 వారాలు మించి వాడొద్దని.

ఇన్సులిన్ కూడా మార్చాడు. నేను తినే ముందు పొడుచుకునేదాన్ని. ఇన్సులిన్ టైముకి పని మొదలుపెట్టేది, అన్నం మాత్రం కడుపులోనే కూర్చునేది. గంటకు చెమటలు పట్టి షుగర్ పడిపోయేది, అర్ధరాత్రి 300. ఇప్పుడు తిన్నాక వేసుకుంటున్నా. ఇది మీరు సొంతంగా మార్చుకోకండి, మీ డాక్టర్ని అడగండి. షుగర్ పెరిగితే కడుపు ఇంకా మందగిస్తుంది, అది ఒక విషవలయం.

తిండి విషయంలో నా శత్రువు మా వదిన, మా ఆయన అక్క. షుగర్ అనగానే కొర్రలు, అండుకొర్రలు, పచ్చి కూరల సలాడ్ అని రెండేళ్ళు నా ప్రాణం తీసింది. పీచు మంచిదే, కదిలే కడుపుకి. నాలాంటి కడుపులో పీచు ఉండలు కట్టి కూర్చుంటుంది, కొవ్వేమో ఉన్న వేగాన్ని ఇంకా తగ్గిస్తుంది. ఇప్పుడు నాది రోజుకి ఆరు చిన్న పూటలు. మెత్తగా మెదిపిన అన్నం చారుతో, చెక్కు తీసి ఉడికించిన సొరకాయ, పల్చటి మజ్జిగ, మిక్సీలో తిప్పిన పప్పుకట్టు. వికారం ఎక్కువున్న రోజు అన్నీ తాగడమే. ద్రవాలైతే కడుపులోంచి తేలిగ్గా దిగుతాయి. తిన్నాక రెండు గంటలు పడక లేదు. నెల్లూరు చేపల పులుసు లేదు, దాని గురించి మాట్లాడదలుచుకోలేదు.

మొన్న ఆదివారం టీ నగర్‌లో పెళ్ళికి వెళ్ళాను, ఒక గరిటె పెరుగన్నం తిని లేచాను. వదిన గోంగూర వడ్డించబోతే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాను. ఆవిడ మొహం మాడ్చుకుని, మాట మార్చడానికి "చీర బాగుందే, కొత్తదా?" అంది.

"కాదు వదినా, మూడు రోజులు ఆస్పత్రిలో ఉండి వచ్చింది" అన్నాను.