పిట్టల స్నానానికి ఎలాంటి తొట్టి మంచిది?

తొట్టి కొనేటప్పుడు ముందు చూడాల్సింది అందం కాదు, లోతు. అంచు దగ్గర 2 సెంటీమీటర్లతో మొదలై, మెల్లగా వాలుతూ నడుమకి 5 సెంటీమీటర్లుంటే చాలు. గోడలు నిటారుగా ఉన్న లోతైన గిన్నెలో చిన్న పిట్టలు దిగలేవు, దిగినా తడిసిన రెక్కలతో పైకి రాలేక మునిగిపోవచ్చు. ఇప్పటికే అలాంటిది కొనేసి ఉంటే, నీటి పైకి వచ్చేలా ఒకట్రెండు గరుకు రాళ్లు పెట్టండి.

అడుగు కూడా గరుకుగానే ఉండాలి. మెరుగు పూసిన పింగాణీ, నున్నటి ప్లాస్టిక్ మీద కాళ్లు జారతాయి, లోహమేమో ఎండకి కాలిపోతుంది. నా ఓటు సిమెంటు తొట్టికే: బరువుంటుంది, గాలికి ఒరగదు. గడ్డకట్టే చలి ఉన్నచోట మాత్రం లోపలి నీరు మంచుగా మారి వ్యాకోచిస్తే తొట్టి పగులుతుంది, అప్పుడు ఖాళీ చేసి బోర్లించాలి.

పొదలకి 2, 3 మీటర్ల దూరంలో, కొంత నీడలో పెట్టండి. మరీ దగ్గరైతే పిల్లి పొంచి ఉంటుంది.

రెండు రోజులకోసారి నీళ్లు మార్చడం తప్పనిసరి, లేదంటే దోమపిల్లలు పుడతాయి. పాచిని బ్రష్‌తో రుద్దండి. మొండికేస్తే ఒక వంతు వెనిగర్‌కి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి రుద్ది, బాగా కడగండి. సబ్బు వద్దు, దాని శేషం ఈకల మీది నూనెని పోగొడుతుంది.