ద్వారం వారి కమాను, సరిహద్దుకు ఈవలి నుంచి

ఫిడేలు విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పేరు చెప్పగానే ఎవరికైనా విజయనగరం గుర్తుకు వస్తుంది, ఆ తరువాత మద్రాసు సభలు గుర్తుకు వస్తాయి. ఒడిశాలోని రాయగడలో ఉంటున్న మా వంటి తెలుగువారికి మాత్రం ఆయన పొరుగు రాష్ట్రపు విద్వాంసుడు అనిపించడు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడే వరకు రాయగడ, గుణుపురం, కొరాపుట్, జయపురం అన్నీ విశాఖపట్టణం జిల్లా ఏజెన్సీలోని ఊళ్ళే; విజయనగరమూ ఆ జిల్లాలోనిదే. సరిహద్దు గీత గీసిన ఆ 1936లోనే నాయుడు గారు విజయనగరం సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. ఇక్కడ రైలెక్కితే పార్వతీపురం, బొబ్బిలి దాటుకుని ఈనాటికీ నేరుగా విజయనగరంలో దిగవచ్చు.

ఆయన 1893 నవంబరు 8న, దీపావళి నాడు, బెంగళూరులో పుట్టారు. తండ్రి సైన్యంలో ఉద్యోగి. పెరిగింది విశాఖపట్నంలో. చిన్నతనం నుంచీ చూపు బాగా మందగించి ఉండడంతో బడి చదువు సాగలేదు, అన్నగారైన వెంకటకృష్ణయ్య గారి దగ్గర ఫిడేలు పాఠాలు మొదలయ్యాయి. ఈ చూపు సంగతిని కొందరు విధి రాత అన్నట్లు చెబుతుంటారు. నాకు అందులో అంత అద్భుతం కనిపించదు. పుస్తకం చదవలేని పిల్లవాడు రోజంతా చెవి మీదనే ఆధారపడ్డాడు, ఆ చెవికి ఓపికగా పాఠం చెప్పే అన్న ఇంట్లోనే ఉన్నాడు. అవకాశం అంటే అదే.

1919లో విజయనగరం మహారాజావారు సంగీత కళాశాల నెలకొల్పి, హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారిని తొలి ప్రిన్సిపాల్‌గా నియమించారు. అప్పటికి ఇరవై ఆరేళ్ళ వెంకటస్వామి నాయుడు విద్యార్థిగా చేరదామని వెళితే, దాసు గారు ఆయన వాయిద్యం విని, నీవు నేర్చుకోవలసింది కాదు నేర్పవలసినది అన్న ధోరణిలో ఆచార్యుడిగానే కూర్చోబెట్టారని ప్రతీతి. ఈ కథ అందరికీ ఇష్టం, నాకూ ఇష్టమే. అయితే ఆ కథను పదే పదే చెప్పుకోవడంలో దాని తరువాతి కాలం మరుగున పడిపోతోంది. 1919 నుంచి 1936 వరకు, దాసు గారు ప్రిన్సిపాల్‌గా ఉన్నన్నాళ్ళూ, ఆయన ఆ కళాశాలలో ఫిడేలు ఆచార్యుడు. పిల్లలకు సరళీ వరుసలూ జంట వరుసలూ అలంకారాలూ చెప్పే వ్యక్తి తన కమానును, అంటే తీగల మీద ఆడించే కర్రను, రోజూ మొదటి పాఠం నుంచి పరీక్షించుకుంటూ ఉంటాడు. ఆయన నాదంలోని ఆ నిలకడకు కచ్చేరీల కంటే తరగతి గదే ఎక్కువ కారణమని నా అభిప్రాయం.

ఫిడేలు మన సంగీతంలోకి వచ్చి అప్పటికి నూరేళ్ళ పైచిలుకు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఐరోపా వాద్యబృందపు ఫిడేలు విని దానిని నేర్చి, మన రాగాలకు ఒప్పించారు. తంజావూరు సోదరులలో ఒకరైన వడివేలు ఆ వాద్యాన్ని తిరువాన్కూరు స్వాతి తిరునాళ్ ఆస్థానం దాకా తీసుకుపోయారు. నాలుగు తీగలను స, ప స్వరాలకు, అంటే కింది స్థాయిలో మంద్ర షడ్జం, మంద్ర పంచమం, నడిమి స్థాయిలో మధ్య షడ్జం, మధ్య పంచమం అని శ్రుతి చేసుకోవడం మనవారు చేసుకున్న ఏర్పాటు. నిలబడి గడ్డం కింద పెట్టుకునే పద్ధతిని విడిచి, కింద కూర్చుని వాద్యపు తలను కుడి చీలమండ దగ్గర ఆనించడం మరొకటి. ఈ కూర్చునే తీరు సౌకర్యం కోసం మాత్రమే అనుకుంటారు గాని, అసలు లాభం వేరే ఉంది: వాద్యం బరువు మోయవలసిన పని ఎడమ చేతికి తప్పిపోతుంది, దానితో వేలు తీగ మీద ఎటు కావాలంటే అటు జారి గమకం, అంటే స్వరంలోని ఊపు, పలికిస్తుంది. వీణకు ఇరవై నాలుగు మెట్లు ఉన్నాయి. ఫిడేలుకు ఒక్కటీ లేదు. స్వరస్థానం ఎక్కడుందో చెవి చెప్పాలి, వేలు వినాలి.

మన ప్రాంతం అసలు వీణ ప్రాంతం. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస కర్రతో ఈనాటికీ వీణలు చెక్కుతున్నారు, విజయనగరం సంస్థానంలోనూ వైణికులదే పెద్ద పీట. అటువంటి చోట ఫిడేలును నిలబెట్టడం చిన్న విషయం కాదు. పైగా ఆ రోజులలో ఫిడేలు పక్కవాద్యం. గాయకుడు పాడినది వెంట వెంటనే అందుకోవడం, ఆయన ఆగినప్పుడు చిన్న జవాబు చెప్పడం, అంతకు మించి చోటు తక్కువ. మా వీధిలోని ఒడియా మిత్రులు ఈ వాద్యాన్ని బేహేలా అంటారు. ఒడిస్సీ సంగీతంలో వారికీ అది వెనుక కూర్చుని వాయించేదిగానే ఎక్కువ పరిచయం.

నాయుడు గారు మార్చినది ఏమిటంటే, కమానును. పొడవైన కమానులో నాదం ఎక్కడా తెగకుండా, తీగకు అంటుకున్న బరువు మొదటి నుంచి చివరి వరకు ఒకే తీరున ఉండేటట్లు వాయించడం ఆయన బలం. పాశ్చాత్యుల కమాను పనిలోని శుభ్రతను ఆయన శ్రద్ధగా గ్రహించారు, కాని గమకాన్ని వారి పద్ధతికి వదులుకోలేదు. కృతి వాయించేటప్పుడు సాహిత్యంలో అక్షరం ఎక్కడ మారుతుందో అక్కడ కమాను దిశ మారాలి, ఒకే అక్షరం సాగుతున్నప్పుడు కమాను తిరగకూడదు. వినడానికి చిన్న నియమంలాగే ఉంటుంది. కాని దానిని పాటించాలంటే వాయించే మనిషి ప్రతి కృతినీ ముందు నోటితో పాడగలగాలి, మాట ఎక్కడ విరుగుతుందో తెలిసి ఉండాలి. మాటలు లేని వాద్యం మాట పలికినట్లు వినిపించడం వెనుక ఉన్నది ఈ పని.

సరిహద్దున ఉన్న మాకు ఇది ప్రత్యేకంగా తాకే విషయం. ఇక్కడ చాలా ఇళ్ళలో పిల్లలు అమ్మతో, అమ్మమ్మతో తెలుగు మాట్లాడుతారు, బడిలో ఒడియా రాస్తారు. త్యాగరాజ కృతిని తెలుగు లిపిలో చదవమంటే తడబడే పిల్లలు ఉన్నారు. వారికి మన భాష చెవి ద్వారానే అందుతోంది. నాకు తెలిసిన ఒక పిల్ల ఒడియా లిపిలో కృతులు రాసుకుని ఫిడేలు సాధన చేస్తుంది. ఆమెకు పాఠం చెప్పే మేష్టారు ముందు పల్లవిని నాలుగు సార్లు పాడించి, ఆ తరువాతనే కమాను పట్టనిస్తారు. "నోరు తిరగకపోతే కమానూ తిరగదమ్మా" అని ఆయన అంటుంటారు. ఆ మేష్టారు ద్వారం వారి శిష్య పరంపరలోని వారేమీ కారు, కాని పద్ధతి మాత్రం అదే.

1938లో వేలూరులో నాయుడు గారు తొలి సోలో కచ్చేరి చేశారు. పాడేవారు లేకుండా ఫిడేలు మధ్యలో కూర్చుని, ఆలాపన నుంచి కల్పన స్వరాల వరకు కచ్చేరీ భారమంతా తానే మోయడం అప్పటి శ్రోతలకు కొత్త అనుభవం. ఆ తరువాత బిరుదులు ఆలస్యం చేయలేదు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి, 1950లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ, 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ. కళాప్రపూర్ణ దగ్గర నాకొక పక్క మాట తోస్తుంది: ఆ విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చి నిలబెట్టిన విక్రమదేవవర్మ గారు ఈనాడు ఒడిశాలో ఉన్న జయపురానికి ఆనాటి మహారాజు, స్వయంగా తెలుగు పండితుడు. గీతకు ఇవతలి సొమ్ముతో పెరిగిన చోటు అవతలి విద్వాంసుడిని సత్కరించిందన్న మాట. 1952లో ప్రసిద్ధ పాశ్చాత్య ఫిడేలు విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ మన దేశానికి వచ్చినప్పుడు న్యాయమూర్తి రాజమన్నార్ గారి ఇంట నాయుడు గారి వాయిద్యం విని మెచ్చుకున్నారు. మనవారు ఈ సంఘటనను యోగ్యతా పత్రంలాగా చూపిస్తారు, అది నాకు అంతగా రుచించదు. అప్పటికి ఆయన సంగీత కళానిధి అయి పదేళ్ళు దాటింది.

ఆయన ప్రిన్సిపాల్‌గా ఉన్న కాలంలో ఆ కళాశాల మెట్లు ఎక్కినవారిని తలుచుకుంటే ఆశ్చర్యం కలుగుతుంది. ఘంటసాల అక్కడే చదివారు. ఆయనకు గురువైన పట్రాయని సీతారామశాస్త్రి గారు సాలూరు వారు, సాలూరు దాటి ఘాటీ ఎక్కితే కొరాపుట్ జిల్లానే. 1940లో బాలుడిగా చేరిన నేదునూరి కృష్ణమూర్తి గారు 1991లో తామే సంగీత కళానిధి అయ్యారు. ద్వారం వారి ఇంటి నుంచే నరసింగరావు నాయుడు గారు, కుమారుడు భావనారాయణరావు గారు, కుమార్తె మంగతాయారు గారు సంగీతాన్ని కొనసాగించారు.

నాయుడు గారు 1964 నవంబరు 25న కన్నుమూశారు. శతజయంతి సంవత్సరమైన 1993లో ఆయన పేర తపాలా బిళ్ళ వచ్చింది. ఇప్పుడు ఆయనను వినదలచినవారు గ్రామఫోను రికార్డులతో మొదలుపెట్టి నిరాశ పడవద్దని నా మనవి. ఆ రికార్డు ఒక్క పక్కకు పట్టేది మూడు నిమిషాల చిల్లర, అందులో ఆలాపన ఊపిరి తీసుకునేలోగా సూది చివరికి వచ్చేస్తుంది. ఆకాశవాణి వారి దీర్ఘ కచ్చేరీ దొరికితే దానిని ముందు వినాలి. రాగం మీద కాక, కమాను తిరిగే చోట్ల మీద చెవి పెట్టండి. తెలిసిన కృతి అయితే సాహిత్యాన్ని మనసులో అనుకుంటూ వినండి, ఎక్కడ ఏ అక్షరం వస్తుందో కమాను ముందే చెబుతుంది. అటువంటి దీర్ఘ కచ్చేరీలు దొరికిన మిత్రులు ఇక్కడ తెలియజేస్తే, మా ఊరి పిల్లలకు వినిపించడానికి నేనూ దాచుకుంటాను.