విస్తళ్ళ లెక్క

"మీ ఇంటి నుంచి ఎంతమంది వస్తారు బాబాయ్?"

కనుమ నాటి రాత్రి భోజనాలకి పిలవడానికి వెళ్ళి, అరుగు మీద కూర్చుని, ఫోనులో రాసుకుందామని అడిగాను. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. "భోజనానికి పిలిచి తలకాయలు లెక్కెడతావేంట్రా? మీ నాన్న ముప్పయ్యేళ్ళు పెట్టాడు. ఏనాడైనా అడిగాడా ఈ మాట?"

నాన్న సంవత్సరీకాలు అయ్యాక వచ్చిన మొదటి సంక్రాంతి ఇది. మాది కోనసీమలో గంగలకుర్రు. కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థమంటే 11 ఊళ్ళ రుద్రులూ, అంటే ఆ ఊళ్ళ శివుళ్ళు, వెదురుతో కట్టి అలంకరించిన ప్రభల మీద వస్తారు, వాళ్ళ వెనకాల చుట్టాలూ దిగుతారు. కనుమ నాడు కాకైనా కదలదంటారు కదా, వచ్చినవాళ్ళెవరూ ఆ రాత్రికి బయల్దేరరు. మా ఇంట్లో గారెలు, కోడికూర, గుమ్మడికాయ దప్పళం. చిన్నప్పట్నుంచీ తినడమే గాని నా చేత్తో పెట్టించడం ఇదే మొదలు. అందుకే దోహాలో ఉండగానే కాయితం మీద వేసుకున్నాను: మనిషికి 150 గ్రాముల బియ్యం, నాలుగు గారెలు. ఇక మనుషులెంతమందో తెలియాలి. అంతే.

బాబాయి మాట రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. పిసినారితనం అనుకున్నాడు, అదీ నా బాధ.

11 ఏళ్ళుగా నేను దోహాలో ఒక కేటరింగ్ వంటశాలలో స్టోర్ చూస్తున్నాను. మా వంట కూలీల క్యాంపులకి వెళ్తుంది. ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పగలు 10 నుంచి 3:30 వరకు ఎండలో పని చేయించకూడదు. అందుకని వేసవిలో తెల్లారకుండానే బస్సులు కదులుతాయి, మేం రాత్రి రెండింటికే పార్సిళ్ళు కట్టాలి. ఏ క్యాంపుకి ఎన్ని డబ్బాలో ముందురోజే అంకె వస్తుంది. ఆ అంకె ప్రకారమే బియ్యం తూచి ఇస్తాను.

ఒకసారి ఆ అంకె తప్పొచ్చింది. రాత్రి చివరి బస్సు దిగిన 19 మందికి అన్నం లేదు. నేనూ బండిలో వెళ్ళాను ఆ పూట. నా యాస పట్టుకుని మలికిపురం వైపు కుర్రాడొకడు, "పోనీ మజ్జిగన్నా ఉందాండి?" అన్నాడు. అదీ లేదు. పరిగెత్తి కుబ్బూస్ రొట్టెలు, పెరుగు కొనుక్కొచ్చి పెట్టాం గాని ఆ పిల్లాడు అడిగిన తీరు నాకింకా చెవిలో ఉంది. అప్పట్నుంచీ ఏ లెక్కయినా రెండుసార్లు అడుగుతాను. ఆకలితో ఎవర్నీ పంపకూడదనే అడుగుతాను. శుక్రవారం తోటివాళ్ళని గదికి భోజనానికి పిలిచినా వాళ్ళే ముందు చెబుతారు: మేం ఆరుగురం, ఒకడు మాంసం ముట్టడు అని. అందులో ఎవరికీ నామోషీ లేదు. నాకది మంచి పద్ధతనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇదంతా పిన్నికి చెప్పుకున్నాను. "వంటమేస్త్రి కూడా ఎన్ని కేజీలు వెయ్యమంటారండీ అంటున్నాడు కదా, ఏం చెప్పను?"

"మీ నాన్న లెక్కెట్టలేదని ఎవరన్నారు?" అంది పిన్ని. "భోగిమంట దగ్గర గంటసేపు నిలబడేవాడు, ఎవరింటికి ఎవరొచ్చారో చూసుకుంటా. సాయంత్రం మళ్ళీ చెరువు దాకా ఓ నడక. అరుగుల ముందు చెప్పులు చూసేవాడురా ఆయన. ఇంటికొచ్చి మేస్త్రికి చెప్పేవాడు. నువ్వు వెళ్ళి మొహమ్మీద అడిగావు."

నాకెవరు చెప్పారివన్నీ? ఏ గుమ్మం ముందు చెప్పులు ఎవరివో తెలియాలంటే ఊళ్ళో ఉండాలి. భోగి తెల్లవారుజామున నేనూ మంట దగ్గర నిలబడ్డాను. సగం మొహాలు తెలీవు. ఒకాయన నన్నే అడిగాడు, ఎవరబ్బాయివి బాబూ అని. చివరికి పిన్ని చెప్పిన అంకె మీద ఇంకో ఐదు కేజీలు వేయించాను.

2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కవాతులో మన రాష్ట్ర శకటం ఈ ప్రభలతీర్థమే. బియ్యం బస్తాల మధ్య నిలబడి ఫోనులో చూశాను దాన్ని. ఉద్యోగానికి వెళ్ళాక కళ్ళారా చూడడం మాత్రం ఈ ఏడే. మా ఊరి ప్రభ కౌశిక కాలవలోకి దిగుతుంటే గట్టు మీద నుంచి "అశ్శరభ శరభ" అని అరిచి అరిచి గొంతు పోయింది.

రాత్రి మూడు బంతులు లేచాయి. బాబాయి మొదటి బంతిలోనే కూర్చున్నాడు, మారడిగి కూర వేయించుకున్నాడు, ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. పది దాటాక ప్రభ మోసిన కుర్రాళ్ళొచ్చారు, కాళ్ళ మీద కౌశిక బురద ఎండిపోయి ఉంది. గుండిగలో అన్నం అడుగుకి దగ్గరపడింది. వెనకాల ఇంకెంతమంది ఉన్నారని నోటిదాకా వచ్చింది. గరిటె పిన్ని చేతికిచ్చి, మంచినీళ్ళ బిందె వంకన వీధిలోకి వెళ్ళి చూశాను. కొబ్బరిచెట్టు కింద ఇంకో ఏడుగురు బళ్ళు ఆపుకుంటున్నారు.

వెనక్కొచ్చి మేస్త్రిని మళ్ళీ ఎసరు పెట్టమన్నాను.