నీలగిరి చెట్ల వెనుక ధ్రువుడు: ఎం51ను ఫోటో తీసిన నా అనుభవం

సప్తర్షి మండలం తోక చివరనున్న మరీచికి మూడున్నర డిగ్రీల దూరంలో ఎం51 అనే సర్పిలాకార గెలాక్సీ ఉంది. పెళ్లిలో అరుంధతిని చూడమంటే మనం తలెత్తే దిక్కే అది. 1773లో షార్ల్ మెస్సియేకు మసక మచ్చగా కనిపించిన ఆ గెలాక్సీలోని సుడిని, 1845లో ఐర్లండులో లార్డ్ రాస్ తన 72 అంగుళాల టెలిస్కోపుతో చూసి కాగితం మీద గీశాడు. సుమారు మూడు కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఆ సుడిని నా ఆరంగుళాల టెలిస్కోపుతో ఫోటో తీయాలన్న కోరికతో, మార్చి అమావాస్యకు మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్‌కు, అంటే పెద్దవాళ్ల మాటలో ఏనుగుల మల్లమ్మ కొండకు, సామాను చేర్చాను.

భూమి తిరుగుతున్న కొద్దీ నక్షత్రాలు పడమరకు జరుగుతాయి కనుక, టెలిస్కోపును వాటి వెంట తిప్పే మౌంట్ ఇరుసు సరిగ్గా ఖగోళ ధ్రువం వైపు, అంటే ఆకాశమంతా దేని చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తుందో ఆ బిందువు వైపు, చూడాలి. ధ్రువ నక్షత్రాన్ని చూసి ఇరుసును సరిచేసుకొమ్మని సూచనల పుస్తకంలో ఒక్క ముక్కలో రాసి ఉంటుంది. ఐరోపాలో అది సులువే. అయితే ఏ ఊరి అక్షాంశమెంతో ధ్రువుడి ఎత్తూ దాదాపు అంతే కనుక, ఇక్కడ ఆయన దిక్చక్రానికి 13.6 డిగ్రీల పైన మాత్రమే ఉంటాడు. మేము దిగిన చోట నీలగిరి చెట్లు ఆయనను పూర్తిగా కప్పేశాయి. ఫోన్‌లోని దిక్సూచిని నమ్మి ఇరుసును ఉత్తరానికి తిప్పాను గాని, పక్కనున్న ఇనుప బరువులు దాన్ని తప్పుదారి పట్టిస్తాయన్న సంగతి నాకు తట్టలేదు. ముప్పై సెకన్ల ఫోటోలో సైతం చుక్కలు బియ్యపు గింజల్లా సాగిపోవడంతో ఆ రాత్రంతా వృథా అయింది.

రెండో రాత్రి ధ్రువుడి జోలికి పోకుండా, ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించే గీత) దగ్గర, నడినెత్తికి కొంచెం దక్షిణానున్న ఒక చుక్కను గీతల కంటికటకంలో నిలిపి, అది ఎటు జారుతుందో చూస్తూ కూర్చున్నాను. చుక్క దక్షిణానికి జారితే ఇరుసు ధ్రువానికి తూర్పుగా ఉందని, ఉత్తరానికి జారితే పడమరగా ఉందని అర్థం. మర వెంట్రుకవాసి తిప్పడం, ఐదు నిమిషాలు ఆగడం, మళ్లీ తిప్పడం. ఆ తరువాత తూర్పున వాలి ఉన్న మరో చుక్కతో ఇరుసు ఎత్తును కూడా ఇదే విధంగా సవరించడం. దీనికే రెండు గంటలు పట్టింది. నా లెక్కలో గెలాక్సీ ఫోటో అంటే ముప్పాతిక భాగం ఈ పనే, కెమెరా పని తరువాతిది.

పదకొండున్నర నుంచి నిమిషం చొప్పున 160 ఫోటోలు తీశాను. మౌంట్‌లోని గేరు చేసే చిన్న తడబాటు వల్ల 45 పాడయ్యాయి. ఏ ఒక్క ఫోటోలోనూ రెండు బూడిద రంగు మచ్చలు తప్ప ఏమీ లేవు. ఇంటికి వచ్చి మిగిలిన 115 ఫోటోలను సిరిల్ అనే కంప్యూటరు ప్రోగ్రాములో ఒకదానిపై ఒకటి పేర్చగా రేణువుల మసక దాదాపు పదో వంతుకు తగ్గి, 5,184 పిక్సెళ్ల వెడల్పులో 560 పిక్సెళ్లంత చోట రెండు సుడిచేతులు తేలాయి. వాటిలో ఒకటి పక్కనున్న చిన్న గెలాక్సీ ఎన్‌జీసీ 5195 వైపు చాచుకుని ఉంది. ధూళి నీడలను చెరిపేందుకు టెలిస్కోపు మూతికి తెల్ల బనియను కట్టి తీయవలసిన ఫ్లాట్ ఫోటోలను నిద్రమత్తులో మరిచిపోయినందువల్ల, సెన్సర్ మీది ధూళి నీడ ఎడమ మూలలో గారెలా ఇప్పటికీ అలాగే ఉంది.