బీరువాలో తాతగారి డబుల్ బ్యారెల్: కాగితాలు, గొట్టాలు, కర్ర, స్టేషన్ డిపాజిట్

గుంటూరు, కృష్ణా వైపు పాత ఇళ్ళలో తరాలుగా వస్తున్న తుపాకీ అంటే సాధారణంగా 12 బోరు డబుల్ బ్యారెలే. లైసెన్సు పుస్తకంలో డి.బి.బి.ఎల్. అని రాసి ఉంటుంది, అంటే రెండు గొట్టాలుండి తూటా వెనక నుంచి పెట్టే తుపాకీ. ఇలాంటివి ఎక్కువ పేల్చి పాడైనవి అరుదు. మూలన పెట్టి మరిచిపోయినవి కొన్ని, కొత్తదానిలా మెరిపిద్దామని పాలిష్ పట్టించి పోగొట్టుకున్నవి మరికొన్ని. ఈ రెండో రకాన్ని చూస్తేనే ఎక్కువ బాధేస్తుంది, ఎందుకంటే తుప్పు ఆగుతుంది గానీ పాలిష్ చక్రం కింద పోయిన ఇనుము తిరిగి రాదు.

ముందు కాగితాల సంగతి, క్లుప్తంగా. లైసెన్సుదారు పోయాక తుపాకీ ఇంట్లోనే ఉంచుకుని తర్వాత చూద్దాం అనుకుంటే కుదరదు. ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీసు స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. ఆ తర్వాత వారసుడు తన పేరిట లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెద్దాయన బతికుండగానే మార్పించుకునే దారి కూడా ఉంది: ఆయనకు 70 ఏళ్ళు నిండినా, ఆ తుపాకీ ఆయన దగ్గర 25 ఏళ్ళుగా ఉన్నా, వారసుల్లో ఒకరి పేరు ఆయనే చెప్పవచ్చని 2016 నాటి ఆయుధాల నిబంధనల్లో ఉంది. ఈ దారి నయం, సంతకం పెట్టే మనిషి ఎదురుగా ఉంటాడు. దరఖాస్తు పెట్టాల్సింది గుంటూరులో అయితే కలెక్టరేటులో. బెజవాడ కమిషనరేట్ పరిధిలో అయితే చట్టం దృష్టిలో జిల్లా మెజిస్ట్రేట్ అంటే పోలీసు కమిషనరే. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే, లైసెన్సు గడువు మాత్రం మూడేళ్ళ నుంచి ఐదేళ్ళకు పెరిగింది. కాబట్టి మన దగ్గర సేకరణ అంటే గోడ నిండా తగిలించుకోవడం కాదు, ఉన్న ఒకటి రెండింటినీ బాగా తెలుసుకోవడమే.

పాత మందు తుపాకీ గోడకు అలంకారంగా ఉంటే లైసెన్సు అక్కర్లేదని చాలామంది అనుకుంటారు. చట్టం అంత ఉదారంగా లేదు. మరమ్మతు చేసినా పేలని స్థితిలో ఉన్న పాతకాలపు ఆయుధానికే 45వ సెక్షన్‌లో మినహాయింపు. గొట్టం బాగుండి, చిన్న పనితో పేలేదైతే అది తుపాకీయే.

ఇక వస్తువు దగ్గరికి వద్దాం. పట్టుకోగానే తెరిచి రెండు గదులూ (గొట్టాల వెనక తూటా కూర్చునే చోట్లు) ఖాళీగా ఉన్నాయో లేదో కంటితో చూసి, వేలు పెట్టి కూడా చూడండి. తర్వాత ముందు కర్ర ఊడదీసి, పై మీట పక్కకు నెట్టి గొట్టాలను విడదీయండి. గొట్టాల మధ్య పట్టీ మీద మద్రాసు పి. ఓర్ అండ్ సన్స్ లాంటి పేరు కనిపిస్తే తయారీదారు అనుకోకండి, అది అమ్మిన కొట్టు పేరు కావచ్చు. అసలు జాతకం గొట్టాల అడుగున చదును భాగంలో ఉంటుంది. అక్కడి చిన్న ముద్రలే ప్రూఫ్ గుర్తులు, అంటే గొట్టాల బలాన్ని పేల్చి పరీక్షించారని చెప్పే ముద్రలు. బర్మింగ్‌హామ్‌లో 1954 తర్వాత పరీక్షించిన తుపాకీ మీద కిరీటం కింద బి.ఎన్.పి. అని, పక్కన గది పొడవు, తట్టుకునే ఒత్తిడి టన్నుల్లో ఉంటాయి. రెండున్నర అంగుళాలు, 3 టన్నులు అన్నది తరచుగా కనిపించే జంట. నైట్రో ప్రూఫ్ (ఇప్పటి పొగరాని మందుకు పరీక్షించినది) అన్న మాట గానీ, దానికి సమానమైన ముద్ర గానీ ఎక్కడా లేకపోతే ఆ తుపాకీని నల్లమందు కాలం నాటిదిగానే చూడండి. అందులో ఇప్పటి తూటా పెట్టకూడదు.

గది పొడవు దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. రెండున్నర అంగుళాల గదిని వాడుకలో 65 మిల్లీమీటర్లదంటారు. ఇప్పటి తూటాల్లో చాలావరకు 70 మిల్లీమీటర్లవి. చిక్కేమిటంటే 70 తూటా 65 గదిలో చక్కగా పడుతుంది, తుపాకీ మూసుకుంటుంది కూడా. ఎందుకంటే మూతి మడతపెట్టిన తూటా పొట్టిగా ఉంటుంది, పెట్టె మీద రాసే కొలత పేలి మడత విచ్చుకున్నాక ఉండే పొడవు. పేలినప్పుడు ఆ మడత గది దాటి, గొట్టం సన్నబడే మెడలోకి విచ్చుకుంటుంది. గుళ్ళు వెళ్ళే దారి ఇరుకై ఒత్తిడి అమాంతం పెరుగుతుంది. తుపాకీ మొదటి దెబ్బకే పగలకపోవచ్చు, కానీ కీలు వదులవుతుంది, భుజానికి మామూలుకంటే గట్టిగా తన్నుతుంది. ఖాళీ తూటా మూతి అంచులు చిరిగి, చివికి బయటికి వస్తున్నాయంటే కారణం ఇదేనేమో ముందు చూడండి.

గొట్టం మీద జరీ అంచులా సన్నని మెలికల డిజైను సహజంగానే కనిపిస్తే అది డమాస్కస్. ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి చుట్టి అతికినది. అతుకుల్లో లోపలి నుంచి పట్టే తుప్పు పైకి కనపడదు. చూడ్డానికి ఎంత బాగున్నా పేల్చకండి. దాని అందం దాని పాతదనంలోనే ఉంది, అలా ఉంచడమే మర్యాద.

పరీక్షలు మూడు ఇంట్లోనే చేసుకోవచ్చు. మొదటిది, విడదీసిన గొట్టాలను కిటికీ వెలుగుకు పట్టి, కంటి దగ్గర మెల్లగా తిప్పుతూ లోపలి మెరుపు రేఖను చూడండి. రేఖ ఒకచోట వంకర పోతే అక్కడ నొక్కు ఉంది. నీడ గుండ్రంగా ఉంగరంలా కనిపిస్తే ఉబ్బు. నొక్కును పనితనం ఉన్న గన్‌స్మిత్ ఎత్తగలడు. ఉబ్బు వేరే కథ, అక్కడ లోహం ఒకసారి సాగిపోయింది. రెండోది, గొట్టాలను అడుగు కొక్కెం దగ్గర తీగతో వేలాడదీసి వేలి కణుపుతో కొట్టండి. ఖంగున మోగితే పట్టీలు బిగువుగా ఉన్నట్టు, బండగా జరజరమంటే టంకం వదిలినట్టు. మూడోది, ముందు కర్ర లేకుండా తుపాకీ మూసి గొట్టాలు పట్టుకుని ఊపండి. కీలు దగ్గర టకటకమన్నా, వెనక పలకకూ గొట్టాలకూ మధ్య వెలుగు కనిపించినా కీలు అరిగింది. చేత్తో ఫట్‌మని మూసే అలవాటు దీనికి ఒక ముఖ్య కారణం. మీట వేలితో పట్టి మెల్లగా మూసేవారి తుపాకీ తరాలు నిలుస్తుంది.

శుభ్రం చేయడానికి మూడు ముక్కల చెక్క రాడ్డు, 12 బోరు కంచు బ్రష్, పాత నేత పంచె గుడ్డను నాలుగు అంగుళాల చదరాలుగా కత్తిరించినవి, కుట్టుమిషన్ నూనె చాలు. ఎప్పుడూ గది వైపు నుంచి మూతి వైపుకే తోయాలి. సీసం పట్టేది ముఖ్యంగా గది దాటాక రెండు మూడు అంగుళాల్లో, మూతి దగ్గర సన్నబడేచోట. బ్రష్‌కి నాలుగు సున్నాల (0000, చాలా మెత్తని రకం) స్టీల్ ఊల్ కొంచెం చుట్టి ఆ భాగంలో ఆడిస్తే బూడిదరంగు చారలు పోతాయి. పాత రకం తూటాలు వాడి ఉంటే సంగతి వేరు. వాటి ప్రైమర్ (తూటా అడుగున నిప్పు పుట్టించే భాగం) వదిలే ఉప్పు గాలిలో తేమను పీల్చుకుంటుంది, నూనెలో అది కరగదు. ఎంత నూనె పూసినా వారంలో ఎర్రబడుతుందంటే కారణం అదే. దానికి మందు మరిగే నీళ్ళే. గొట్టాలను మాత్రమే విడిగా పట్టుకుని, గరాటుతో ఒక్కోదానిలో లీటరు చొప్పున పోసి, వేడి మీదుండగానే పొడిగుడ్డతో తుడిచి, అప్పుడు నూనె పట్టించండి.

కొబ్బరినూనె, నువ్వులనూనె తుపాకీ యంత్రంలోకి వెళ్ళకూడదు. నువ్వులనూనె కొన్నాళ్ళకు జిగురై స్ప్రింగులను పట్టేస్తుంది.

పైన తుప్పు ఉంటే ఎమెరీ కాగితం జోలికి పోవద్దు. నూనె పూసి ఒక రోజు వదిలి, రాగి రేకు అంచుతో గీకితే తుప్పు లేస్తుంది, కింది నల్లపూత చాలావరకు నిలుస్తుంది. పూత మళ్ళీ వేయించాలనుకుంటే ముందు ఒక్క ప్రశ్న అడగండి: వేడి రసాయనం తొట్టిలో ముంచుతారా? ముంచుతామంటే తుపాకీ తీసుకుని వెనక్కి వచ్చేయండి. ఆ క్షారపు తొట్టి దాదాపు 140 డిగ్రీల వేడిలో ఉంటుంది. జంట గొట్టాల మధ్య పట్టీలను అతికిన సీసం, తగరం టంకాన్ని అది తినేస్తుంది. బయటికి తళతళలాడుతూ వచ్చి, కొన్నాళ్ళకు పట్టీ లేస్తుంది. జంట గొట్టాలకు తగినది నిదానపు తుప్పు పద్ధతి: ద్రావణం పూసి తుప్పు పట్టనివ్వడం, మరిగించడం, మెత్తని తీగ బ్రష్‌తో దులపడం, ఇలా రంగు దిగేదాకా పదేపదే. దీనికి మన శ్రావణమాసపు గాలి భేషుగ్గా పనికొస్తుంది.

ఆటోనగర్‌లో దొరకని పనితనం లేదు గానీ, అక్కడి లేత్ షాపుకు తుపాకీ ఇవ్వడం నేరం కిందికి వస్తుంది. మరమ్మతు లైసెన్సు ఉన్నచోటే చేయించాలి. గొట్టం మూతి పాడైందని కోయించి పొట్టి చేయించడం అంతకంటే పెద్ద తప్పు, 6వ సెక్షన్ దాని గురించే.

కర్ర మామూలుగా అక్రోటు. యంత్రం కలిసేచోట నల్లగా, మెత్తగా కనిపిస్తే నూనె తాగిందని అర్థం. తుపాకీని ఎప్పుడూ కర్ర మడమ నేలకు ఆనేలా నిలబెడితే యంత్రంలో నూనె కారి కర్రలోకి దిగుతుంది. సుద్దపొడిని స్పిరిటులో ముద్దచేసి పూసి, ఆరాక దులిపితే కొంత నూనె లాగుతుంది. రెండు మూడు సార్లు అవసరం పడుతుంది. నొక్కులకు తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె ఆనిస్తే ఆవిరికి నారలు లేస్తాయి. చివర్లో అవిసెనూనె అరచేత్తో పలచగా రుద్దండి. ఆ నూనె గుడ్డను ఉండచుట్టి మూల పడేస్తే దానంతటదే వేడెక్కి అంటుకోగలదు, దండెం మీద ఆరేయండి. రోహిణి కార్తె ఎండకు కర్ర ముడుచుకుని మరలు వదులవుతాయి. అప్పుడు బలంగా బిగిస్తే వానాకాలం ఉబ్బి చీలుతుంది. మరలను కదపకపోవడమే మేలు. తప్పకపోతే గాడికి అచ్చంగా సరిపోయే స్క్రూడ్రైవరే వాడండి.

తోలు సంచిలో దాచడం ఇక్కడ అందరూ చేసే పొరపాటు. తోలు తేమ పీల్చి, ఇనుముకు ఆనించి ఉంచుతుంది. నూనె తడి తగిలిన నూలుగుడ్డ చుట్టి, బీరువాలో మూతి కిందికి పెట్టి, సిలికా జెల్ పొట్లాలు వేసి నెలకోసారి చూసుకోండి. హ్యామర్ (తూటాను కొట్టే సుత్తి) బయటికి కనపడని తుపాకీ తెరవగానే లోపల స్ప్రింగు ఎక్కుతుంది. డమ్మీ తూటాలు పెట్టి ట్రిగ్గర్ నొక్కి దించాకే దాచాలి.

ఇంట్లో ఎంత జాగ్రత్త పడినా ఎన్నికల కోడ్ రాగానే తుపాకీ స్టేషన్‌కు చేరుతుంది. 2024లో మార్చి 16న కోడ్ వచ్చింది, లెక్కింపు జూన్ 4న. అంటే నడివేసవి మొత్తం స్టేషన్ గదిలోనే. ఇచ్చే ముందు గొట్టాల లోపల పలచగా గ్రీజు పట్టించి, బయట కూడా పూసి, తోలు పట్టీ తీసేసి, మందపాటి గుడ్డ సంచిలో ఇవ్వండి. నంబరు, తయారీ పేరు, ఉన్న నొక్కులు, చీలికలు రసీదులో రాయించుకోండి, ఫోన్‌లో ఫొటోలు కూడా ఉంచుకోండి. తిరిగి తీసుకునేటప్పుడు అక్కడే సంచి విప్పి తుపాకీ నంబరు రసీదుతో సరిచూసి సంతకం పెట్టండి. ఇంటికి వచ్చాక గ్రీజు పూర్తిగా తుడవనిదే తూటా పెట్టకండి, గొట్టంలో గ్రీజు ముద్ద ఉంటే అదీ అడ్డే.