డేజన్‌లో పూత పని

దక్షిణ కొరియాలోని డేజన్‌లో నేను పోస్ట్‌డాక్‌ని, అంటే పీహెచ్‌డీ తర్వాత కాంట్రాక్టు మీద పనిచేసే పరిశోధకుణ్ని. నా పని బ్యాటరీల్లో వాడే సిలికాన్‌కు పూత వేయడం.

లిథియం బ్యాటరీల ఆనోడ్‌లో, అంటే చార్జ్ అయినప్పుడు లిథియం వచ్చి చేరే ఎలక్ట్రోడ్‌లో, ఎక్కువగా వాడే గ్రాఫైట్ గ్రాముకు 372 మిల్లీ ఆంపియర్ అవర్లు పట్టుకుంటుంది. సిలికాన్ దాదాపు 3,600. చార్జ్ అయ్యేటప్పుడు మాత్రం అది నాలుగు రెట్ల దాకా ఉబ్బుతుంది, డిశ్చార్జ్‌లో మళ్లీ కుంచించుకుపోతుంది. సుమారు 150 నానోమీటర్ల కన్నా చిన్న రేణువులు మొదటి చార్జ్‌లో పగలవని 2012లో తేలింది. అయినా కష్టం తీరలేదు. రేణువు చిన్నదయ్యేకొద్దీ ఉపరితలం పెరుగుతుంది, అసలు నష్టం జరిగేది అక్కడే.

ఆనోడ్‌ను తాకిన ఎలక్ట్రోలైట్ (బ్యాటరీలో లిథియం అయాన్లను మోసే ద్రవం) విరిగిపోయి సన్నని పొర కడుతుంది. దాన్ని ఎస్‌ఈఐ అంటాం. గ్రాఫైట్ మీద అది దాదాపుగా నిలబడుతుంది. సిలికాన్ మీదైతే, అది ఉబ్బిన ప్రతిసారీ ఆ పొర చిట్లుతుంది. బయటపడ్డ చోట మళ్లీ కొత్త పొర, అందులో మళ్లీ కొంత లిథియం ఖర్చు. ఏటా తెగే చెరువు గట్టుకు ఏటా మట్టి పోసినట్టే.

అందుకే పూత, ఎలక్ట్రోలైట్ సిలికాన్‌ను నేరుగా తాకకుండా. కొలిమిలో ఎసిటిలీన్ పంపి కార్బన్ పొర వేయడం ఒక దారి. వేడి మరీ పెంచితే సిలికాన్ కార్బైడ్ అవుతుంది, అది లిథియాన్ని దాదాపు పట్టుకోదు. నాకు ఇష్టమైన దారి ఏఎల్‌డీ (అటామిక్ లేయర్ డిపోజిషన్), ఆవిరితో పలుచని పొరలు విడతలుగా పేర్చడం. 1974లో ఫిన్లాండ్‌లో తువోమో సుంతోలా డిస్‌ప్లే తెరల కోసం రూపొందించిన పద్ధతి. ట్రైమిథైల్ అల్యూమినియం ఆవిరి ఒకసారి, నీటి ఆవిరి ఒకసారి పంపితే విడతకు సుమారు 0.1 నానోమీటరు అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) కూర్చుంటుంది. అల్యూమినా కరెంటు మోయదు. ముందే పొడికి వేస్తే రేణువుల మధ్య ఎలక్ట్రాన్ల దారి మూసుకుపోతుంది. అందుకని ఎలక్ట్రోడ్ తయారయ్యాక దాని మీదే వేస్తాం, రేణువులు తాకిన చోట్లు అలాగే ఉంటాయి. ట్రైమిథైల్ అల్యూమినియం గాలి తగిలితే అంటుకుంటుంది. సిలిండర్ మార్చే రోజు "పాక్సానిమ్, నేనూ ఉంటాను" అంటూ కొరియన్ విద్యార్థి ఒకరు తోడు వస్తారు. డాక్టరు గారు అన్నంత మర్యాద ఆ పిలుపులో ఉంటుంది.

పూత పనికొచ్చిందో లేదో తెలియడానికి పట్టే కాలం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. చార్జ్‌కు మూడు గంటలు, డిశ్చార్జ్‌కు మూడు గంటలు, రెండూ కలిస్తే ఒక సైకిల్. అలా నడిపితే 500 సైకిళ్లకు నాలుగు నెలలు దాటుతుంది. మాలో చాలామంది కాంట్రాక్టు ఏడాదికోసారి, దానితోపాటు పరిశోధకులకిచ్చే ఈ-3 వీసా గడువూ. రెన్యువల్‌కు ముందు చూపించడానికి ఏదో ఒక గ్రాఫ్ కావాలి. ఆ ఒత్తిడిలో అందరి చెయ్యీ హాఫ్‌సెల్ అనే పరీక్ష సెల్ మీదికి పోతుంది. అందులో ఎదురుగా లిథియం లోహమే ఉంటుంది కాబట్టి లిథియం ఎంత పోయినా కొరత కనబడదు. అసలు బ్యాటరీలా కట్టే ఫుల్‌సెల్‌లో, ఎదుటి ఎలక్ట్రోడ్ అయిన కాథోడ్ తెచ్చినంత లిథియమే. సైకిల్‌కు 99 శాతం లిథియం తిరిగి వస్తుందంటే వినడానికి బాగుంటుంది. ఫుల్‌సెల్‌లో వంద సైకిళ్లకు మిగిలేది 37 శాతం. 99.9 అయితే 90 శాతం. దశాంశం తర్వాతి అంకెలోనే మా బతుకంతా ఉంది.

ఖమ్మం నుంచి కొత్తగా వచ్చిన తమ్ముడొకడు మొన్న గ్రాఫ్ తెచ్చాడు. "అన్నా, 200 సైకిళ్లయినా పడలేదు చూడండి" అన్నాడు. పనితనం నిజంగా బాగుంది, పూత సమంగా పడింది. హాఫ్‌సెల్ అని చూసి, ఫుల్‌సెల్ వేశావా అని అడిగాను. "రెన్యువల్ రెండు నెలల్లో ఉంది కదన్నా" అన్నాడు. ఆ భయం నాకు తెలుసు, తేలిగ్గా తీసుకోలేను. ఇద్దరం కలిసి ప్రొఫెసర్ దగ్గరికి వెళ్లి, రెండు నెలలకు ఫుల్‌సెల్ చేరిన చోటునే ఫలితంగా లెక్కించమని అడిగాం. ఆయన కాసేపు గ్రాఫ్ చూసి ఒప్పుకున్నారు. సెల్‌లను చార్జ్, డిశ్చార్జ్ చేసే సైక్లర్ యంత్రంలో నా చానెళ్లు నాలుగు ఖాళీ చేసి వాడికిచ్చాను.