నన్ను ఉపవాసం మాన్పించిన పాస్టరమ్మ

ఉపవాస ప్రార్థనలు జరిగే ఇంట్లో ఆడపిల్ల అన్నం మానేస్తే భక్తి అనుకుంటారు, జబ్బు అని ఎవరికీ తోచదు. కడపలో మా ఇంట్లోనూ అంతే. శుక్రవారం ఉపవాసం, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల్లో ఉపవాసం, పరీక్షలకు ముందు ఇంకో ఉపవాసం. పగలంతా పస్తుండి, రాత్రి ఆగలేక దొరికిందల్లా తినడం, ఆ వెంటనే కక్కేయడం. ఒళ్లు తగ్గలేదు కాబట్టి అమ్మకు అనుమానం రాలేదు. దీన్ని బులీమియా అంటారు. చాలామందిలో బరువు మామూలుగానే ఉంటుంది, అందుకే తొందరగా బయటపడదు.

కనిపెట్టింది మా పాస్టరమ్మ. పెళ్లికి ముందు నర్సుగా చేసిన మనిషి. చర్చిలో అందరూ కలిసి తినే ప్రేమవిందులో వడ్డిస్తూ నా వేళ్ల కణుపుల మీద మచ్చలు చూసింది. తరచూ కక్కేవాళ్లకు అలాంటి మచ్చలు పడతాయని ఆమెకు తెలుసు. అక్కడేమీ అనలేదు. సాయంత్రం ఇంటికొచ్చి, "ఎన్నాళ్ల నుంచి బిడ్డా?" అని మెల్లగా అడిగింది. నా కోసం ప్రార్థన చేయండి ఆంటీ అన్నాను. "చేస్తాను. రేపు ఆసుపత్రికి కూడా పోదాం" అంది.

కడప ప్రభుత్వాసుపత్రి రిమ్స్‌లో మానసిక వైద్యులు చూసే సైకియాట్రీ ఓపీకి వెళ్లాం. రక్తపరీక్షలో పొటాషియం తక్కువని వచ్చింది, వెంటనే ఈసీజీ తీశారు. వాంతుల వల్ల పొటాషియం పడిపోతే గుండె లయ తప్పి ప్రాణం మీదికి రావచ్చని డాక్టరమ్మ చెబుతుంటే అమ్మకు నోట మాట రాలేదు. ఫ్లూక్సెటిన్ మాత్రలు రాశారు, కౌన్సెలింగ్ మొదలైంది. మూడు పూటలా వేళకు భోజనం, మధ్యలో చిరుతిండి. కడుపు మాడ్చుకోవడం, దాని వల్లే అదుపు తప్పి తినడం, భయంతో కక్కడం, మళ్లీ మాడ్చుకోవడం... కౌన్సెలర్ ఇవన్నీ కాగితం మీద గుండ్రంగా గీసి చూపించింది. నా శుక్రవారాలన్నీ అందులో ఉన్నాయి.

అన్నిటికంటే కష్టం తిన్న తర్వాతి గంట. సంగటి ముద్ద గొంతు దిగేది, ఆ క్షణం నుంచే టెన్షన్. అందుకే పాస్టరమ్మ మధ్యాహ్నం మా ఇంటికే వచ్చి, నాతో పాటు తిని, ఆ గంటంతా పక్కనే కూర్చునేది. నా ఒంటి గురించి గానీ తిండి గురించి గానీ ఒక్క మాట ఎత్తేది కాదు. బైబిలు చదివించేది. చచ్చిపోతే బాగుండునని బదరీ చెట్టు కింద పడుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ముందు పెట్టింది రొట్టె, నీళ్లు. తినమని రెండుసార్లు లేపాడు. యాయీరు కూతుర్ని బతికించాక యేసు చెప్పింది కూడా ఆ పిల్లకు తినడానికి ఏమైనా పెట్టమనే. చిన్నప్పటి నుంచి విన్న కథలే, ఈ మాటలు మాత్రం నా చెవిన పడలేదు.

విశ్వాసం ఉంటే మాత్రలెందుకు అన్నవాళ్లూ ఉన్నారు. ఒక ఆదివారం పాస్టరు అయ్యగారు, జబ్బుతో ఉన్నవాళ్లు ఉపవాసం ఉండనక్కర్లేదు, మందులు మానొద్దు అని అందరి ముందు ప్రకటించారు. నా పేరు ఎత్తలేదు. నాకు ఆ ప్రకటన ఎంత మేలు చేసిందో చెప్పలేను. ప్రతి సంఘంలోనూ ఆ మాట చెప్పాలి.

ఇప్పటికీ పండగ భోజనాలప్పుడు భయం వేస్తుంది. అలాంటప్పుడు అమ్మకు చెప్పేస్తాను, తిన్నాక తను నా దగ్గరే ఉంటుంది. శ్రమదినాల్లో ఉపవాసానికి బదులు యెషయా 58లో ఉన్నట్టు ఆకలిగా ఉన్నవాళ్లకు అన్నం పొట్లాలు పంచుతున్నాం. మీ ఇంట్లో తినగానే బాత్రూముకు పరుగెత్తే బిడ్డ ఉంటే తిట్టకండి, డాక్టరుకు చూపించండి. ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.